హస్తవాసి ఉన్న సీడీ

చిక్కబళ్ళాపుర బస్టాండు వెనక సందులో ఇరవై రెండేళ్ళు కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకుని బతికాను. మోకాళ్ళు మొరాయించడంతో మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, మీ అనుభవం చెప్పండి సార్ అంటారు. వాళ్ళడిగేది ఏ స్క్రూ ఎటు తిప్పాలని. అది ఇప్పుడు ఫోన్లోనే చూసుకోవచ్చు. నేను చెప్పగలిగేది నా తప్పుల గురించి. వాటిలో ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఒక ఆడపిల్లకు పెళ్ళయిందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేను నా చేతులతో చెరిపేశాను. అదీ పండగపూట, కుంకుమ పెట్టి మరీ.

సార్ నేర్పిన రెండు మాటలు

నేను పని నేర్చుకున్నది బెంగుళూరులో, రంగనాథ సార్ దగ్గర. ఆయనది మా తట్టు ఊరే. ముక్కులో నశ్యం, చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో తిట్టు, ఈ మూడూ లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. మొదటిరోజే నాకొక మాట చెప్పారు.

"మెషీన్ పడిపోయినాదని పిలిస్తే పోతానే మూత విప్పొద్దు. మనిషిని అడుగు. కడపట ఏం చేసినాడో చెప్పించు. మెషీన్ అబద్ధం చెప్పదు కానీ, నిజం కూడా తనంతట తాను చెప్పదు."

ఇరవై రెండేళ్ళూ ఆ మాటే నాకు అన్నం పెట్టింది. రెండో మాట కూడా ఆయనే నేర్పారు. "ఏం తెలీకపోతే వైరస్ అను. వాళ్ళకు జవాబు కావాల, మనకు టైము కావాల." ఆ మాట కూడా అంతే భక్తిగా పట్టుకున్నాను. గురువు చెప్పినవన్నీ మంచివే అయివుంటాయని అనుకునే వయసు అది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మా పనిలో చేతకానప్పుడల్లా వైరస్ మీద తోసేయడం అలవాటైపోయింది.

ఫార్మాట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఒక ముక్క చెబుతాను. ఖాళీ డిస్కంటే దుక్కి దున్నని బీడు. దాన్ని ఫార్మాట్ చేయడమంటే గట్లు వేసి మడులు కట్టడం. ఏ మడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఓఎస్‌కి చెప్పేవి ఆ గట్లే. ఓఎస్ అంటే మెషీన్ని నడిపే మూల ప్రోగ్రాము. గట్టు తప్పుగా పడితే నీళ్ళు పక్క మడిలోకి పోతాయి, పైరు మునిగేదాకా ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి నీలం తెర వచ్చి సిస్టమ్ పడిపోతే, మెషీన్ పాతదైపోయిందని జనం అనుకుంటారు. నేను చూసినవాటిలో చాలా వరకు ఎవరో ఒకరు గట్టు తప్పుగా వేసినవే.

బాగేపల్లి మర్యాద

బాగేపల్లిలో ఒక ప్రైవేటు స్కూలు హెడ్మాస్టరుగారు ఫోను చేశారు. వాళ్ళ డిస్కును ఎవరిచేతనో రెండు భాగాలు చేయించుకున్నారట. పని సగంలో ఉండగా కరెంటు పోయింది. రెండో భాగం హద్దు ఎక్కడుందో మెషీన్‌కే తెలియని స్థితిలో అట్లాగే వాడుకుంటూ వచ్చారు. రోజుకు రెండుసార్లు పడిపోయేది, రెండుసార్లు లేపేవారు. చివరికి ఒకరోజు పదో తరగతి మార్కులన్నీ మాయమయ్యాయి.

"కడపట ఏం చేసినారు సార్?" అని పోగానే అడిగాను.

"నేనేం చేయలేదప్పా. డీ డ్రైవు, అదే ఆ రెండో భాగం, తెరిచినా. ఈ డిస్కు ఫార్మాట్ అయిలేదు, ఇప్పుడు చేయాల్నా అని అడిగింది. సరే అన్నా."

"సరే అని యాల అన్నారు సార్?"

ఆయన నన్ను వింతగా చూశారు. "అంత మర్యాదగా అడిగితే వద్దని ఎట్లంటామప్పా?"

మార్కులు చేతిరాత రిజిస్టర్లో ఉన్నాయి కాబట్టి టీచర్లు వారం రోజులు కూర్చుని మళ్ళీ ఎక్కించారు. నేను మాత్రం బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపుర దాకా బస్సులో నవ్వుకుంటూనే వచ్చాను. ఆ కథను కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నా వంతు కూడా దగ్గర్లోనే ఉందని అప్పుడు తెలియదు.

కుంకం సీడీ

నా దగ్గర ఒక ఓఎస్ సీడీ ఉండేది. అంగడి పెట్టిన కొత్తల్లో కొన్నది. దాంతో మొట్టమొదట చింతామణిలో ఒక బియ్యం మిల్లు ఆఫీసులో వేశాను. ఆ మెషీన్ మూడేళ్ళు తుమ్మలేదు, దగ్గలేదు. దాంతో ఆ చుట్టుపక్కల నా చేతికి హస్తవాసి ఉందని పేరొచ్చింది. నా చేతికి ఉన్నది కాస్తా కొన్నాళ్ళకు సీడీకి కూడా పాకింది.

మా తట్టు ఆయుధపూజ ఎంత ఘనంగా చేస్తారో తెలిసిందే. బస్సు నుంచి కత్తెర దాకా అన్నిటినీ కడిగి, విభూతి పూసి, కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. కంప్యూటర్లు వచ్చాక వాటికీ బంతిపూల దండలు పడ్డాయి. అయితే కంప్యూటర్‌ని కడగలేరు కదా. అందుకని పండగకు ముందు నన్ను పిలిచి ఓఎస్ మొత్తం తీసేసి కొత్తగా వేయించుకునేవారు. అదే దానికి తలంటు. ఈ ఆచారం నేను మొదలుపెట్టానో, జనం మొదలుపెట్టారో గుర్తులేదు. పండగ వారం నాకు ఊపిరి సలిపేది కాదు. నా అంగట్లో పూజకు ముందు కుంకుమ పెట్టేది ఆ సీడీకే. బొమ్మ వైపు ఎర్రగా మరకలు పడిపోయి, దాన్ని అందరూ కుంకం సీడీ అనేవారు.

తర్వాతి రోజుల్లో అదే ఓఎస్‌కి దిద్దుబాట్లు చేసిన కొత్త సీడీ వచ్చింది. అది కూడా కొన్నాను. నా అంగడి మెషీన్‌కి వేసుకున్నాను. ఊళ్ళకు తీసుకుపోతే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "అదొద్దప్పా, ఆ కుంకం సీడీనే వెయ్యి, అది మాకు నిలిచినాది" అనేవారు. నేనూ బలవంతపెట్టలేదు. ఉన్నమాట చెప్పాలంటే, నాక్కూడా లోపల ఎక్కడో ఆ నమ్మకం ఉండేది. చదువుకున్నవాణ్ణి, అయినా ఉండేది.

చిక్కబళ్ళాపుర ఇంకా కోలారు జిల్లాలో ఉన్న రోజులవి. ఒక ఆయుధపూజ ముందు, ఏటా నా చేత కుంకం సీడీ వేయించుకునే మునికృష్ణ చింతామణి నుంచి వచ్చాడు. అతనికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ వీడియోలు తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, సీడీలు చేసి ఇస్తాడు. పాత డిస్కు నిండిపోయింది, పెద్దది కావాలన్నాడు. నూట అరవై జీబీ డిస్కు తెప్పించాను. అంత పెద్ద డిస్కు నా అంగట్లోకి రావడం అదే మొదలు. డబ్బాలో ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాలతో ఒక మడత కాగితం ఉంది. అట్లాంటివి ఎవరు చదువుతారు? దాన్ని చించి, పూజకు తెచ్చిన కుంకుమ పొట్లం కట్టాను.

డిస్కు మొత్తాన్నీ ఒకే ముక్కగా నా అంగడి మెషీన్ మీద ఫార్మాట్ చేశాను. మునికృష్ణ పాత డిస్కులో ఉన్న పెళ్ళిళ్ళన్నీ ముందు దాని మీదికి ఎత్తి, ఆ పాతదాన్ని తుడిచి ఇంకొకరికి అమ్మేశాను. మర్నాడు చింతామణి పోయి స్టూడియోలో బిగించి, కుంకం సీడీతో ఓఎస్ వేశాను. మునికృష్ణ హారతి ఇచ్చాడు. నిమ్మకాయ నేనే కోశాను.

చింతామణిలో నీలం తెర

మాఘమాసం పెళ్ళిళ్ళు జోరుగా ఉండగా మునికృష్ణ ఫోను చేశాడు. "అప్పా, మెషీన్ నీలమై నిలిచిపోయినాది. ఆపి మళ్ళా ఆన్ చేస్తే ఓఎస్సే లేదంటాండాది. ఈడ ఒక బిడ్డ కూకోనుండాది. ఆయమ్మ పెళ్ళి వీడియో కావాలంట, కోర్టుకంట. బిరీన రాప్పా."

మొదటి బస్సుకే పోయాను. స్టూడియోలో, జలపాతం బొమ్మ గీసిన తెర ముందు, ఫోటో దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. పేరు మంజుల, దిబ్బూరహళ్ళి దగ్గర పట్టుపురుగులు సాకే ఇంటి బిడ్డ.

సార్ చెప్పినట్టే ముందు మనిషిని అడిగాను. "కడపట ఏం చేసినావు మునికృష్ణా?"

"వేరే ఏం లేదప్పా. నిన్న ఒక పెళ్ళివి టేపులు ఎక్కించినా. బాగనే ఎక్కినాయి. డిస్కులో ఇంగా చోటుండాది అని చూపిస్తానే ఉండాది. అంతలోనే నీలం."

ఇంకా చోటుంది, అయినా పడిపోయింది. అక్కడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. కాసేపు గెలికి, తల గోక్కుని, సార్ నేర్పిన రెండో మాట బయటికి తీశాను. వైరస్ అన్నాను.

"వైరస్ అంటే ఏమప్పా?" అంది మంజుల.

"పురుగు మాదిరమ్మా. మెషీన్‌లో పడి తినేస్తాది."

"పురుగుల సంగతి నాకు తెలుసప్పా. పురుగుకు రోగమొస్తే అది యాడనుంచో ఒక తావు నుంచి వస్తాది. ఆకు నుంచి గానీ, చేతుల నుంచి గానీ. ఇది యాడనుంచి వచ్చినాది?"

మాట మార్చడానికి, వీడియో ఎందుకమ్మా అన్నాను. ఆమె చెప్పింది విని నేను డిస్కు మీద చేయి తీసేశాను.

రెండేళ్ళ కిందట పెళ్ళయింది. ఏడాది కాపురం చేసింది. పురుగుల పనికి సాయంగా నెల రోజులు పుట్టింటికి వస్తే, మళ్ళీ రావద్దని అత్తింటివాళ్ళు కబురు పెట్టారు. ఇప్పుడు ఆ అబ్బాయికి వేరే పెళ్ళి చేశారు. ఈమె కోర్టుకు పోతే, ఆ అబ్బాయి తండ్రి, అంటే ఈమె మామ, వకీలు చేత చెప్పించిందేమిటంటే, అసలు పెళ్ళే జరగలేదట. నిశ్చితార్థంతో నిలిచిపోయిందట.

"పెండ్లికి మూడొందలమంది వచ్చినారప్పా. మావాళ్ళు చెప్తే, మీవాళ్ళు మీ తట్టే చెప్తారంటారు. పెండ్లి చేసిన అయ్యవారు వాళ్ళ మనిషి. ఆల్బం వాళ్ళింట్లో ఉండాది. వీడియో మాట్లాడింది వాళ్ళే, సీడీ వాళ్ళింటికే పోయినాది. ఇంగ నాకు పెండ్లయినాదని నేనెట్ల చెప్పేది?"

టేపులు ఏమయ్యాయని మునికృష్ణను అడిగాను. అతను తల వంచుకున్నాడు. ఒక పెళ్ళి ఎక్కించగానే అవే టేపుల మీద ఇంకో పెళ్ళి తీస్తాడు, అందరూ అదే చేస్తారు. అంటే మిగిలింది ఈ డిస్కు ఒక్కటే.

"వాయిదా సోమవారమప్పా," అంది మంజుల. "పురుగులు ఇప్పుడే నాలుగో జ్వరంలో పడినాయి, ఆకు వేసే పని లేదు, అందుకే ఈ పొద్దు రాగలిగినా. అవి లేస్తే నేను కదిలేదానికి కాదు." పురుగు కుబుసం విడిచే ముందు తిండి మాని పడుకుంటుంది. దాన్నే వాళ్ళు జ్వరమంటారు.

డిస్కు విప్పి సంచిలో పెట్టుకుని చిక్కబళ్ళాపుర వచ్చాను. దారి పొడుగునా ఆమె అడిగిందే చెవిలో మోగుతోంది. ఇది యాడనుంచి వచ్చినాది?

కుంకుమ పొట్లం

మర్నాడు శుక్రవారం. అంగడి తెరిచి, దేవుడి పటానికి బొట్టు పెడదామని గూట్లో ఉన్న కుంకుమ పొట్లం తీశాను. ఆయుధపూజ నాటిదే. చిటికెడు మిగిలింది. దాన్ని వేలికి అద్దుకుని కాగితం పారేయబోతే, ఎర్రబారిన అక్షరాల మధ్య ఒక అంకె కనిపించింది. నూట ముప్ఫై ఏడు. ఆ అంకె చుట్టూ నల్లగీతతో గడి కట్టి ఉంది.

వెలుతురులోకి తీసుకుపోయి చదివాను. అందులో ఉన్నది తెలుగులో చెబితే ఇంతే: మీ ఓఎస్ పాతదైతే అది నూట ముప్ఫై ఏడు జీబీ వరకే లెక్కపెట్టగలదు. దిద్దుబాట్లు ఉన్న కొత్తదాన్నే వాడండి. లేకపోతే మీ డేటా చెడిపోతుంది.

స్టూలు మీద కూలబడ్డాను. పటానికి బొట్టు పెట్టాలన్నది కూడా మరిచిపోయాను, కుంకుమ వేలికే ఉండిపోయింది.

పాత స్కూటర్ల మీటరు చూసే ఉంటారు. అన్నీ తొమ్మిదులు వచ్చాక ఇంకొక్క కిలోమీటరు పోతే మళ్ళీ సున్నాలు పడతాయి. కుంకం సీడీలోని ఓఎస్ లెక్క కూడా అంతే. నేనేమో కొత్త మెషీన్ మీద నూట అరవైకి గట్టు వేశాను. పాత ఓఎస్ ఆ గట్టును చూసి ఇంకా చోటుందనే అనుకుంది, కానీ దాని చేతికి నూట ముప్ఫై ఏడు వరకే అందుతుంది. అది దాటిన మరుక్షణం లెక్క సున్నాకి తిరిగి, కొత్త పెళ్ళిని తీసుకుపోయి డిస్కు మొదట్లో రాసింది. మొదట్లో ఏమున్నాయి? నేను ముందుగా ఎత్తిన పాత పెళ్ళిళ్ళు. ఆ హద్దు నిండేదాకా నాలుగు నెలలు ఏ తేడా లేకుండా నడిచింది. నిండాక, అంతా బాగుందని చెబుతూనే లోపల తుడుచుకుంటూ పోయింది.

వైరస్ లేదు, పురుగు లేదు. చేతుల నుంచే వచ్చింది. బాగేపల్లి హెడ్మాస్టరు కనీసం అడిగితే సరేనన్నాడు. నన్ను వద్దని హెచ్చరిస్తే ఆ హెచ్చరికలో కుంకుమ కట్టుకున్నాను.

పిల్లలూ, ఇక్కడొక పని మాట. ఇట్లాంటి డిస్కు చేతికొస్తే దాని మీద ఏదీ రాయొద్దు, బాగుచేయొద్దు, ముట్టుకోవద్దు. చదవడం ఒక్కటే చేయాలి. కొత్త ఓఎస్ ఉన్న మెషీన్‌కి తగిలించి, మిగిలిన ముక్కల్ని ఏరుకుని వేరే డిస్కులోకి తీసుకోవాలి. నేను రెండు పగళ్ళు అదే చేశాను. మా ఇంటావిడ అన్నం పంపితే డబ్బా మూత తీయలేదు.

మంజుల చూసింది

ఆదివారం ఉదయం మునికృష్ణ మంజులను వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు. వాళ్ళు రాకముందు నేను వీడియో పూర్తిగా చూడలేదు. దొరికిన ముక్కల్ని వరస పెట్టి, ముగ్గురం కలిసి చూశాం.

మొదట పందిరి, మేళం, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. పెళ్ళిపీటల మీద మంజుల. పెళ్ళికొడుకు చేతిలోకి తాళి వచ్చింది. అయ్యవారు చేయెత్తి గట్టిమేళం అన్నాడు. ఆ క్షణంలో తెర గళ్ళుగళ్ళుగా చిట్లిపోయింది. మళ్ళీ అతుక్కున్నప్పుడు అక్కడ ఉన్నది వేరే పందిరి, వేరే పెళ్ళికూతురు. తలవంచుకుని నవ్వుతోంది. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల, మునికృష్ణ కడపట ఎక్కించిన పెళ్ళిది.

మంజుల తెర వంకే చూస్తూ నెమ్మదిగా అంది.

"నా పెండ్లి మింద ఇంగొకరి పెండ్లి కూకోనుండాది."

నేను లేచి బయటికి పోయి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వచ్చాను. ఇంకా కొంత ఉందమ్మా, చూద్దాం అన్నాను. నాకు ఆశ లేదు. ఆ కొత్త పెళ్ళి చాలాసేపు నడిచింది. తర్వాత మళ్ళీ తెర చిట్లింది. ఈసారి మంజుల పందిరే వచ్చింది, కానీ చదివింపుల దగ్గర.

పెళ్ళిలో కానుక ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఇచ్చిన వస్తువు మైకులో గట్టిగా చదవడం మా తట్టు ఆచారం. చదవకపోతే ఇచ్చినవాళ్ళకు కోపం. బంధువు ఎవరో చదువుతున్నాడు. పక్కన పీట మీద మంజుల, మెడలో పచ్చటి పసుపుతాడు. అంతలో ఒక పెద్దాయన, తలపాగా, చేతికి కంకణం, నవ్వుతూ మైకు లాక్కున్నాడు.

"మా మామ," అంది మంజుల.

ఆయన మైకును నోటి దాకా తెచ్చుకుని అందరికీ వినపడేట్టు చదివాడు. "మా కోడలు మంజులమ్మకు వాళ్ళ మేనమామ పెట్టింది ఇత్తడి బిందె ఒకటి. ఈ పొద్దు మా ఇంటికి కోడలు వచ్చినాది, బిందె కూడా వచ్చినాది. ఇంగ మా ఇంట్లో నీళ్ళకు కరువు లేదప్పా." పందిరంతా నవ్వులు.

మునికృష్ణ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. మూడుసార్లు విన్నాం. తాళి కట్టే ముక్క పోయింది. కానీ పెళ్ళే కాలేదన్న మనిషి తన నోటితో తానే మా కోడలు అన్న ముక్క మిగిలింది. సోమవారం ఆ సీడీ వకీలు చేతికి చేరింది. పెళ్ళి జరగలేదన్న మాటను ఆ తర్వాత వాళ్ళు కోర్టులో ఎత్తలేదని విన్నాను.

కానీ నేను రాయాలనుకున్నది కోర్టు సంగతి కాదు. ఆ ఆదివారం నా అంగట్లో జరిగింది.

సీడీ చేతిలో పెట్టగానే మంజుల రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ చేతికి నిజంగానే హస్తవాసి ఉండాదప్పా," అంది. మునికృష్ణ అవునవునని తలూపాడు. అదృష్టం చూడండి. పోగొట్టింది నేను, దండం నాకు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, చింతామణి అంతా ఇంకో పదేళ్ళు నా పేరు చెప్పుకుంటుంది. వైరస్ మీద ఎలాగూ తోసేశాను. అడిగేవాళ్ళు కూడా లేరు.

మూసుకుందామనే అనుకున్నాను. అబద్ధమెందుకు? కానీ ఆ పెద్దాయన మైకు పట్టుకున్న బొమ్మ తెర మీద అట్లాగే నిలిచి ఉంది. చేసింది చేయలేదని చెప్పే మనిషి ఎట్లా ఉంటాడో నా కళ్ళముందే ఉన్నాడు.

గూట్లోంచి ఆ కాగితం తీసుకొచ్చి బల్ల మీద పరిచాను. "వైరస్ కాదమ్మా," అన్నాను. "ఆ పొద్దు నువ్వు అడిగితివే, ఇది యాడనుంచి వచ్చినాదని. నా చేతుల్నుంచే వచ్చినాది. పాత సీడీ వేయొద్దని ఈ కాగితంలో రాసి ఉండాది. నేను చదవలేదు. నీ తాళి ముక్క పోయింది నా వల్ల."

మునికృష్ణ గూట్లో ఉన్న కుంకం సీడీ వంక చూశాడు. నాలుగేళ్ళుగా ఆ సీడీకి హారతి ఇచ్చిన మనిషి అతను. మంజుల ఆ కాగితాన్ని తీసి చూసింది. ఇంగ్లీషు రాదు, అయినా చూసింది. వేళ్ళకు కుంకుమ అంటింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే అనుకుని తల వంచుకున్నాను.

ఆమె కాగితాన్ని మడిచి నా చేతికే ఇచ్చింది.

"నువ్వు చేసింది నువ్వు చేసినానని చెప్పినావు గదప్పా," అంది. "వాళ్ళను నేను అడగతా ఉండేది ఇదొక్కటే."

పురుగులు లేచే వేళయిందని బస్సుకు వెళ్ళిపోయింది.